సర్పంచ్ వదినకు అమ్మాన్ నుంచి

అమ్మాన్, జోర్డాన్
నవంబర్ 9

వదినా,

ఉత్తరం చూసి కంగారుపడకు. ఇక్కడ అందరం బాగున్నాం. మొన్న వీడియో కాల్లో నేను "సర్పంచ్ గారూ" అనగానే ఫోను నీ చేతిలోంచి అన్నయ్య చేతిలోకి పోయింది. మర్నాడు నువ్వు పక్కింటి మరిడమ్మత్త ఫోను నుంచి చేసి, "నా ఫోను నా దగ్గరుండదే, పంచాయితీ పన్లన్నీ మీ అన్నయ్యే సూసుకుంటన్నాడు గదా" అన్నావు. నవ్వేశాను. ఫోను పెట్టేశాక ఆ నవ్వు నాకే నచ్చలేదు. అందుకే ఈ కాగితం. అనకాపల్లిలో సబీహా కుట్టు షాపు అడ్రసుకి పంపిస్తున్నాను. సబ్బవరం హైస్కూల్లో మన ముగ్గురం ఒకే బెంచీ. అది విప్పి చదవదు. చదివినా మనకి దాని దగ్గర దాపరికం లేదు.

నా సంగతి నీకు తెలిసిందే. కువైట్‌లో తొమ్మిదేళ్లు రీమ్ మేడమ్ ఇంట్లో చేశాను. ఆవిడ భర్తకి ఉద్యోగం ఇక్కడికి మారితే నన్నూ వెంట తెచ్చుకున్నారు. ఇది రెండో ఏడు. వాళ్లు పాలస్తీనా వాళ్లు. జూన్‌లో రీమ్ మేడమ్ తల్లి గుండె ఆపరేషన్‌కి వచ్చింది. పేరు విదాద్. ఇక్కడ పెద్దావిడల్ని హజ్జా అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. డెబ్బై ఒకటో ఏడు. ఆవిడకి మందులు ఇవ్వడం, నడిపించడం, కూర్చోబెట్టడం ఇప్పుడు నా పని. కూర్చోబెట్టడమే కష్టం. టీవీలో వార్తలు కూడా నిలబడే చూస్తుంది.

ఆవిడ నీ దారిలో మనిషే వదినా. జోర్డాన్ నదికి అవతల కొండల్లో వాళ్ల పట్నం. అక్కడ కౌన్సిల్‌లో ఎనిమిదేళ్లు మెంబరుగా చేసింది. అంతకుముందు ఆడపిల్లల బడిలో సైన్సు టీచరు. ఒకప్పుడు గొడవల్లో సైన్యం బళ్లన్నీ మూసేయిస్తే పక్కింటి వడ్రంగి షెడ్డులో పిల్లలకి పాఠాలు చెప్పిందట. అలా చెప్పడం నిషేధమని ఐదు నెలలు జైల్లో పెట్టారు. అప్పటికి రీమ్ మేడమ్‌కి మూడేళ్లు.

ఇప్పుడు వాళ్ల ఊళ్లో మళ్లీ ఎన్నికలంటున్నారు. పోటీ చేయాలని ఈవిడ పట్టు. మొన్న అక్కడి వాళ్లు పోస్టరు ఎలా ఉందో చూడమని ఫోనుకి పంపారు. పదమూడు మంది అభ్యర్థులు. పదకొండు మంది మగాళ్లకి ఫోటోలు. ఇద్దరు ఆడవాళ్ల చోట చెరో గులాబీ పువ్వు, కింద ఫలానావారి భార్య అని. హజ్జా కళ్లజోడు తీసి మంచం మీద విసిరేసింది. ఫోను చేసి ఏమందో తెలుసా? "గులాబీకి ఓటెయ్యమని తేనెటీగలను అడగండి. నాకు ముఖం ఉంది, పేరుంది. రెండూ వెయ్యండి, లేకపోతే నన్ను తీసెయ్యండి."

నువ్వు గెలిచినప్పుడు అన్నయ్య పంపిన ఫ్లెక్సీ ఫోటో నా ఫోన్లో ఉంటే చూపించాను. అన్నయ్య నిలువెత్తున చేతులు జోడించి ఉన్నాడు, నువ్వు మూల స్టాంపంత. "ఇందులో గెలిచింది ఎవరు?" అని అడిగింది. స్టాంపు మీద వేలు పెట్టాను. "మరి ఈయనెవరు, డ్రైవరా?" అంది. అన్నయ్యకి చెప్పకేం.

డాక్టరు ఇంకో మూడు నెలలు ప్రయాణం వద్దన్నాడు. రీమ్ మేడమ్ అసలే వద్దంటోంది. ఆవిడ మాత్రం రోజూ బ్యాగు సర్దుతుంది. సాయంత్రం నేను విప్పి బట్టలు అలమరలో పెడతాను. పొద్దున్నే మళ్లీ సర్దుతుంది.

నీ సంగతులు రాయి. అన్నట్టు, రోడ్డు పక్కన ఇళ్ల స్థలాల లేఅవుట్ ఎంతవరకు వచ్చిందంటే అన్నయ్య దాటేస్తున్నాడు. నీకు తెలిస్తే రాయి.

నీ
కుమారి


అనకాపల్లి
డిసెంబర్ 2

కుమారీ,

జాకెట్టు కొలతలు మళ్లీ తీసుకోవాలి రమ్మని సబీహా కబురు పెట్టింది. నాకు కొత్త జాకెట్టు ఎక్కడిదా అనుకుంటూ వస్తే నీ ఉత్తరం చేతిలో పెట్టింది. మంచి దారి కనిపెట్టింది. జాకెట్ల గొడవలోకి మీ అన్నయ్య రాడు. గుడ్డలు కత్తిరించే బల్ల మీద, మిషన్ చప్పుడులో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే మిషన్‌ని తిట్టుకో.

మీ హజ్జా "డ్రైవరా" అన్నది చదివి ఎంత నవ్వానంటే సబీహా మిషన్ ఆపి నావంక చూసింది. దానికీ చదివి వినిపించాను.

సర్పంచ్ ఉద్యోగం గురించి ఏం రాయను? ఇవాళ సర్పంచులకి శిక్షణ అని ఇక్కడికి పిలిచారు. హాల్లో ఆడ సర్పంచులం నలభై మంది. బయట చెట్ల కింద మొగుళ్లు నలభై మంది. టీ ముందు వాళ్లకే వెళ్లింది. లోపల పాఠం చెప్పిన మేడమ్ "తీర్మానం చదవకుండా సంతకం పెట్టకండి" అని మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ అందరం తలూపాం. తలూపడం బాగా వచ్చు మాకు.

వీధి దీపాలు వేయించాను. అది నేనే చేశాను. కరెంటు ఆఫీసుకి నేనే నాలుగుసార్లు తిరిగాను. ఊళ్లో మాత్రం మీ అన్నయ్య నానాజీ వేయించాడంటారు. సరే.

ఇంకో చిన్న విషయం. పోయిన గురువారం సెక్రటరీ గారు తీర్మానాల పుస్తకం పట్టుకుని ఇంటికి వచ్చారు. నేను పులుసు పెడుతున్నాను. పుస్తకం తిరగలి మీద పెట్టి పేజీ తెరిచారు. "పాడుబడిన బంజరు, ఎవరి వాడుకలోనూ లేదు, ఇళ్ల స్థలాలకు ఇవ్వవచ్చును" అని ఉంది. ఏ స్థలం సార్ అని అడిగాను. ఆయన మీ అన్నయ్య మొహం చూశారు.

మీ అన్నయ్య అన్నాడు: "నీకెందుకే ఆ యవ్వారం? సదివేటి సేత్తావు? సంతకమెట్టీ. సారుకి బస్సుంది."

"సేతికి సింతపండుంది. కడుక్కుని వత్తాను" అని పెరట్లోకి వెళ్లాను. వెళ్లినదాన్ని వెళ్లినట్టే తులసికోట అరుగు మీద కూర్చుండిపోయాను. చేతులు కడగలేదు. బస్సు హారన్ వినబడింది, సెక్రటరీ గారు పరుగెట్టిన చప్పుడు వినబడింది. తర్వాత మీ అన్నయ్య అన్న మాటలు రాయను.

అది ఏ స్థలమో కూడా ఇప్పుడు రాయను. నాకే ఇంకా తేలాలి. ఆ రోజు నుంచి ఇంట్లో ఒక చోట నిలవలేకపోతున్నాను. ఊడ్చిన చోటే ఊడుస్తున్నాను.

మీ హజ్జాని అడుగు. ఆవిడ దగ్గరికి అలాంటి కాగితం వచ్చినప్పుడు ఆవిడేం చేసింది?

గంగాభవాని


అమ్మాన్
డిసెంబర్ 23

వదినా,

నీ ఉత్తరం హజ్జాకి అరబ్బీలో చెప్పాను. చింతపండు దగ్గర పెద్దగా నవ్వింది. తర్వాత, "ఆ అమ్మాయి ఎంతసేపు పెరట్లో కూర్చుంది?" అని అడిగింది. బస్సు పోయేదాకా అన్నాను. "పెరట్లో కూర్చుంటే బస్సు ఒక్కటే పోతుంది. కాగితం మళ్లీ వస్తుంది" అంది.

పాలకూర ఏరుతూ తన సంగతి చెప్పింది. చెప్పింది చెప్పినట్టు రాస్తాను. "మొదటి నాలుగు నెలలు నేను కూడా చదవకుండా సంతకాలు పెట్టాను. ఆ మాట ముందు రాయి" అంది. అందుకే ముందు రాశాను.

ఆవిడకి ఓటు హక్కు వచ్చిందే ఇరవై రెండో ఏట. అంతకుముందు అక్కడ మునిసిపల్ ఎన్నికల్లో ఆడవాళ్లకి ఓటు లేదట. యాభై ఒకటో ఏట, ఆడవాళ్లకి సీట్లు కేటాయించిన ఎన్నికల్లో గెలిచి కౌన్సిల్‌లోకి వెళ్లింది. మీటింగు పదకొండింటికి మొదలై పదకొండూ పదికి అయిపోయేదట. ఇంత త్వరగా ఎలా తేలుతుందా అని చూస్తే, ముందు రోజే పెద్ద కుటుంబాల మగవాళ్లంతా దివాన్‌లో తేల్చుకుని వస్తున్నారు. దివాన్ అంటే మగవాళ్లు కాఫీ తాగుతూ కూర్చునే పెద్ద గది. ఆడవాళ్లు గడప తొక్కరు.

ఒకరోజు సంతకానికి వచ్చిన కాగితంలో ఆడపిల్లల బడికి నీళ్ల తొట్టి కట్టడం పూర్తయిందని ఉంది. ఆ బడిలో ఇరవై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి. వెళ్లి చూస్తే తొట్టి లేదు. ఆ చోట ఎవరిదో గాడిద కట్టేసి ఉంది.

ఆ సాయంత్రం ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తీసుకెళ్లి దివాన్ గుమ్మంలో వేసుకుని కూర్చుంది. లోపలా కాదు, బయటా కాదు. ఆ మగవాళ్లలో సగం మంది పిల్లలు ఆవిడ దగ్గర చదివినవాళ్లు, పొమ్మనలేరు. మొదటి రోజు వాళ్లు రెండు గంటలు వాన గురించి, ఆలివ్ కాపు గురించి మాట్లాడుకుని లేచిపోయారు. రెండో రోజూ అంతే. మూడో రోజు ఇక పని ఆగదు కదా, ఆవిడ ఎదుటే తేల్చుకోవలసి వచ్చింది. తర్వాత ఆవిడకి నీళ్ల పని అప్పగించారు. వేసవిలో అక్కడ రెండు మూడు వారాలకోసారి కుళాయిలో నీళ్లొస్తాయి. ఏ వీధికి ఏ రోజు అనే వరస ఆవిడే రాసేది. అందరిచేతా తిట్టించుకోవడానికే ఆ పని ఇచ్చారని చెప్పింది.

ఇదంతా వాళ్ల ఊరి సంగతి వదినా. మన ఊరు వేరు, మన మనుషులు వేరు. నేను చెప్పకూడదు గానీ చెబుతున్నాను: నువ్వు ఆ సంతకం పెట్టేయ్. అన్నయ్య ఊరికే ఏ పనీ చెయ్యడు. పాడుబడిన బంజరే కదా. నలుగురికి ఇళ్లొస్తాయి. ఇంట్లో మనశ్శాంతి లేకుండా చేసుకోవడం ఎందుకు? ఈ మాట హజ్జాకి చెప్పలేదు.

కుమారి


అనకాపల్లి
జనవరి 10

కుమారికి,

నీ ఉత్తరం అందింది. ఎక్కువ రాయను.

ఆ స్థలం గోరీల దిబ్బ. మన ఊరి నూర్‌బాషా వాళ్ల శ్మశానం. కొత్త రోడ్డు పక్కకి వచ్చాక దాని మీద అందరి కళ్లూ పడ్డాయి. నాకు ముందే అనుమానం ఉంది. తేల్చుకుందామని సోమవారం మెహబూబ్ జాన్ బాబాయిని వెంట రమ్మన్నాను. పరుపు కుడుతున్నవాడు సూది తలపాగాలో గుచ్చుకుని అలాగే వచ్చాడు.

పైకి చూస్తే ఏమీ కనబడదు. ముళ్ల తుప్పలు, రాళ్లు. ఆయన ఒక్కొక్క రాయి దగ్గరా ఆగి చెప్పాడు. "ఇది మా తాతమ్మ. ఇది మా అన్న. ఇవి రెండూ సిన్న రాళ్లు సూడు, కవల పిల్లలు, పురిట్లోనే పోయేరు. ఇది మీ సబీహా వాళ్లమ్మ. ఆరేళ్లయింది. గోరీ కడదామనుకున్నాం, అవలేదు తల్లీ."

సబీహా వాళ్లమ్మని నువ్వు మర్చిపోయావేమో. పదో తరగతి పరీక్షలప్పుడు మనిద్దరికీ మూడు రోజులు అన్నం పెట్టింది.

అక్కడినుంచి పంచాయతీ ఆఫీసుకి వెళ్లి సెక్రటరీ గారిని లబ్ధిదారుల జాబితా చూపించమన్నాను. నానాజీ గారు వచ్చాక అన్నారు. సర్పంచ్ వచ్చింది కదండీ అన్నాను. చూపించారు. నలభై పేర్లు. మూడో పేరు మరిడమ్మత్త. పద్నాలుగో పేరు నీది.

లేఅవుట్ ఎంతవరకు వచ్చిందని మొదటి ఉత్తరంలోనే అడిగావు. సంతకం పెట్టేయ్ అని రెండో ఉత్తరంలో రాశావు. మధ్యలో ఈ ఒక్క మాట మాత్రం రాయలేదు.

గంగాభవాని


అమ్మాన్
జనవరి 28

వదినా,

మూడుసార్లు రాసి చించేశాను. ఇది నాలుగోది.

అవును. పోయిన ఏడాది అన్నయ్య ఫోను చేసి, "రోడ్డు పక్కన తలం వత్తాది, నీ పేరు రాయించీనా?" అన్నాడు. రాయించమన్నాను. ఏ స్థలమని అడగలేదు. అడగకపోవడం ఎందుకంటే, నాకు తెలుసు. చిన్నప్పుడు ఆ దిబ్బ మీదే మేకలు కాసేదాన్ని. అక్కడి రేగుపళ్లు కోసుకుంటే, "కిందోళ్లని తొక్కకుండా నడవండర్రా" అని మెహబూబ్ జాన్ బాబాయి కేకలేసేవాడు. తెలియదని నీకు రాయగలను, నువ్వు నమ్ముతావు కూడా. కానీ తెలుసు.

పదకొండేళ్లుగా పరాయి వాళ్ల వంటింటి పక్క గదిలో పడుకుంటున్నాను వదినా. మా ఆయన వదిలేసి పోయాక నా సామాను రెండు పెట్టెలు మీ అటక మీదే ఉన్నాయి. నేను లోపలినుంచి గడియ పెట్టుకునే తలుపు ఒకటి కావాలనిపించింది. అంతే. అది తప్పని ఎవరూ అనరు. దాని కింద సబీహా వాళ్లమ్మ ఉండడమే తప్పు. దానికి నేనేం చెప్పాలో తెలియడం లేదు.

నీ ఉత్తరం వచ్చిన రోజు నా చేతిలో గ్లాసు జారి పగిలింది. హజ్జా ఏమైందని అడిగింది. అంతా చెప్పేశాను, పద్నాలుగో నంబరుతో సహా. తిడుతుందనుకున్నాను. తన తమ్ముడి సంగతి చెప్పింది. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా ఆ పేరు ఎత్తలేదు.

ఆవిడ తమ్ముడికి రాయి కోసే మిల్లు ఉండేదట. రంపం తిరగాలంటే నీళ్లు పారుతూ ఉండాలి. ఆ వేసవిలో నీళ్ల వరస రాసేది అక్కే కదా అని వచ్చి, తన మిల్లుకి వారం ముందు వదలమన్నాడు. ఆ వారం ఆసుపత్రి వీధిది. ఈవిడ కుదరదంది. "ఇంట్లో మనిషివి నువ్వుండి కూడానా?" అన్నాడు. కుదరదంది. రంపం ఆగిపోయింది. ఆ ఏడు చివరికి మిల్లు అమ్ముకున్నాడు. పదకొండేళ్లు ఈవిడతో మాట్లాడలేదు. మాట్లాడకుండానే చనిపోయాడు. శవం దగ్గరికి వెళ్తే ఎవరూ పొమ్మనలేదట, రమ్మనీ లేదట.

"మళ్లీ అలాంటి రోజు వస్తే ఏం చేస్తారు?" అని అడిగాను.

"ఆసుపత్రికి నీళ్లొచ్చాయి. నా తమ్ముడు నాతో మాట్లాడలేదు. రెండూ జరిగాయి. మొదటిది చెప్పి రెండోది దాస్తే మీ వదినకి అబద్ధం చెప్పినట్టు. రెండూ రాయి, ఆవిడే చూసుకుంటుంది" అంది. తర్వాత లేచి బాల్కనీలోకి పోయి, చాలాసేపు అటూ ఇటూ తిరిగింది.

పోయిన వారం డాక్టరు సరేనన్నాడు. రీమ్ మేడమ్, నేను కారులో నది మీద వంతెన దాకా దింపడానికి వెళ్లాం. అక్కడ సరిహద్దు కాపలావాళ్లు ఆరు గంటలు నిలబెట్టి, ఇవాళ్టికి మూసేశామన్నారు. ఆ దారి తప్ప వాళ్ల ఇంటికి వేరే దారి లేదు. అవతలి కొండలు కనబడుతూనే ఉన్నాయి. తిరుగు దారిలో హజ్జా బ్యాగు ఒళ్లోనే పెట్టుకుంది, డిక్కీలో పెట్టనివ్వలేదు.

దీనితో ఇంకో కాగితం పెడుతున్నాను. "పద్నాలుగో పేరు నాది. ఆ దిబ్బ కింద ఎవరున్నారో తెలిసే ఒప్పుకున్నాను. నాకు ఆ స్థలం వద్దు. ఎవరికీ ఇవ్వొద్దు" అని రాసి సంతకం పెట్టాను. గ్రామసభలో చదువు. సొంత చెల్లెలే వద్దంటే అన్నయ్య ఇంకేమంటాడు?

కుమారి


అనకాపల్లి
ఫిబ్రవరి 27

కుమారీ,

గ్రామసభ అయిపోయింది. వరసగా రాస్తాను.

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. మీ అన్నయ్య మామూలుగానే నా పక్క కుర్చీలో కూర్చున్నాడు. సెక్రటరీ గారు తీర్మానం గబగబా చదివి, "అందరికీ సమ్మతమే కదా" అన్నారు. నేను పుస్తకం నా ముందుకి లాక్కుని మళ్లీ మొదటినుంచి చదివాను. మోకాళ్లు వణుకుతున్నాయి. టేబులు గుడ్డ కిందదాకా ఉంది కాబట్టి సరిపోయింది.

"ఎవరి వాడుకలోనూ లేదని రాసేరు. మెహబూబ్ జాన్ బాబాయ్, వాడుకలో ఉందా, లేదా?" అని అడిగాను.

ఆయన లేచాడు. వాదించలేదు. పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరి పక్కన ఎవరు, ఏ జబ్బుతో పోయారు, ఎన్నో ఏట. ఇరవై మూడు పేర్లు.

మీ అన్నయ్య లేచాడు. "సచ్చిపోయినోళ్లకా పంచాయితీ, బతికున్నోళ్లకా? నలభై కొంపల్లేనోళ్లున్నారిక్కడ. ఆళ్ల మొకం సూడరేటి?"

ఆ మాటలో న్యాయం లేదని నేననను. జాబితాలో వాళ్లు అక్కడే కూర్చున్నారు. నావంక చూస్తున్నారు. అప్పుడు మరిడమ్మత్త లేచింది. "నాకూ తలం కావాల. నా ఇల్లు కురుత్తంది, అందరికీ తెలుసు. గాని సబీహా వాళ్లమ్మ గుండెల మీద పొయ్యెట్టుకుని నానెలగ వండుకుంటానర్రా?" అని కూర్చుంది.

చేతులెత్తమన్నాను. తీర్మానం కావాలని నలభై ఎనిమిది, వద్దని అరవై ఒకటి. సెక్రటరీ గారు నావంకే చూసి, "ఏమని రాయమంటారు మేడమ్?" అన్నారు. రెండేళ్లలో మొదటిసారి మీ అన్నయ్యని అడక్కుండా నన్ను అడిగారు. ఆ స్థలాన్ని శ్మశానంగానే నమోదు చేయాలి, కంచె వేయాలి అని ఒకటి రాయించాను. జాబితాలో ఇల్లు లేని వాళ్లకి వేరే భూమి చూడమని ఎమ్మార్వోకి అర్జీ ఇంకొకటి. రెండో దానికి ఎన్నాళ్లు తిరగాలో తెలియదు. ఇద్దరు ముగ్గురు వెళ్తూ వెళ్తూ నన్ను తిట్టారు. వాళ్ల కోపం నాకు అర్థమైంది.

మీ అన్నయ్య మధ్యలోనే లేచి వెళ్లిపోయాడు. పన్నెండు రోజులైంది, నాతో మాట లేదు. అన్నం పెడితే తింటాడు. ఏదైనా కావాలంటే గోడకి చెప్తాడు. రాత్రీ పగలూ కాలు నిలవడం లేదు నాకు. మీ హజ్జా పదకొండేళ్లు ఎలా ఓర్చుకుందో అడగాలనుంది, అడగకు.

నీ కాగితం నా కొంగు ముడిలోనే ఉంది. చదవలేదు. తిప్పి పంపుతున్నాను. చదివి ఉంటే నాకు ఇంకాస్త సులువయ్యేది. కానీ మీ అన్నయ్య ఊరందరి ఎదుటా చెల్లెలి చేతిలో ఓడిపోయినట్టయ్యేది. నా చేతిలో ఓడినా రోజూ కళ్లెదుట తిరుగుతూ ఉంటాను, ఎప్పటికో అలవాటవుతుంది. నువ్వు సముద్రాల అవతల ఉన్నావు. అంత దూరంలో కోపం పెట్టుకుంటే కరగడానికి దారి ఉండదు. చెప్పాలనుకుంటే నువ్వే ఆయనకి చెప్పు, ఊరికి కాదు.

ఇంకొక్క మాట. జాబితాలో నీ పేరున్న సంగతి నాకంటే ముందే సబీహాకి తెలుసట. డిసెంబర్‌లోనే తెలిసిందట. ఎవరు చెప్పారో చెప్పలేదు. అన్నీ తెలిసి కూడా నీ ఉత్తరాలు చీరల మడతల్లో దాచి జాగ్రత్తగా నా చేతికిస్తూనే ఉంది. "మరి ఒక్కసారైనా అనలేదేటే?" అన్నాను. "అదే సెప్తాదేమో అని సూత్తన్నాను" అంది.

నీ వదిన
గంగాభవాని


అమ్మాన్
ఏప్రిల్ 19

వదినా,

దీంతో పాటు సబీహాకి వేరే ఉత్తరం పెట్టాను. అంటించాను. నువ్వు చదవొద్దు. అది చదివాక నాతో మాట్లాడుతుందో లేదో దాని ఇష్టం.

హజ్జా వెళ్లిపోయింది. మార్చి మొదటి వారంలో వంతెన దాటనిచ్చారు. గేటు దగ్గర నా బుగ్గలు రెండు చేతుల్లోకి తీసుకుని, "మీ వదినకి చెప్పు, మొదటి ఏడాది కాళ్లు వణుకుతాయి, రెండో ఏడాది కూడా వణుకుతాయి" అంది. వెనక్కి తిరగలేదు.

అక్కడ గులాబీల వాళ్లతో తెగతెంపులు చేసుకుని, ఆడవాళ్లు ఎక్కువగా ఉన్న వేరే జాబితా నిలబెట్టింది. అందరికీ ఫోటోలు, అందరికీ పేర్లు. వాళ్ల పద్ధతిలో ఓట్లు జాబితాకి పడతాయి, వచ్చిన సీట్లు పైనుంచి వరసగా ఇస్తారు. మొదటి పేరు తనది పెట్టుకోమని అందరూ అన్నారట. ఈవిడ ఒక మందుల షాపు అమ్మాయిని మొదట పెట్టి, తను రెండో పేరు పెట్టుకుంది. వాళ్లకి ఒకటే సీటు వచ్చింది. ఆ అమ్మాయి గెలిచింది, హజ్జా గెలవలేదు. రీమ్ మేడమ్ ఫోన్లో ఏడ్చింది. హజ్జా మాత్రం ఆ అమ్మాయికి నీళ్ల లెక్కలు నేర్పడానికి పోవాలి, త్వరగా మాట్లాడమంది. పోలింగు రోజు తమ్ముడి కొడుకు కారు తెచ్చి, ఒక్క మాటా మాట్లాడకుండా ఓటింగు దగ్గర దింపి, మళ్లీ ఇంటి దగ్గర దింపాడట. అది మాత్రం నాకు రెండుసార్లు చెప్పింది.

నా సంగతి. నువ్వు తిప్పి పంపిన కాగితం పది రోజులు దిండు కింద పెట్టుకున్నాను. ఒక శుక్రవారం మధ్యాహ్నం అన్నయ్యకి ఫోను చేసి, అందులో ఉన్నది ఉన్నట్టు చదివాను. వదిన చదవలేదు, చదవనంది, నేనే చెబుతున్నానన్నాను. తర్వాత, "ఆ మరిడమ్మ ముసల్ది నీకూ మందెట్టీసింది" అని పెట్టేశాడు.

ఆ తర్వాత చేస్తే ఎత్తలేదు. ఇల్లంతా తిరిగాను. తుడిచిన అద్దాలే తుడిచాను. హజ్జా మంచం ఖాళీగా ఉంటే దుప్పటి మార్చి మళ్లీ మార్చాను. తొమ్మిదో రోజు ఆయనే చేశాడు. "సెరుకు కొట్టించీసేం. ఈ ఏడు బాగానే దిగింది" అన్నాడు. నేను మంచిదన్నాను. "అక్కడ ఎండలెలగున్నాయి?" అన్నాడు. ఇంకా రాలేదన్నాను. స్థలం మాట నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. పెట్టేసే ముందు, "మీ వదిన బక్కసిక్కిపోతంది, నువ్వైనా తినమని సెప్పు" అన్నాడు. అందుకే చెబుతున్నాను, తిను. ఆ మాట నీకు ఎదురుగా చెప్పడానికి ఆయనకి ఇంకెన్నాళ్లు పడుతుందో.

మే నెలలో సెలవు ఇచ్చారు. టికెట్టు తీశారు. నలభై రోజులు ఉంటాను. బస్సు దిగి తిన్నగా పంచాయతీ ఆఫీసుకి వస్తాను. ఇంటికి కాదు, ఆఫీసుకే. పేరు కుమారి, వయసు నలభై, ఒంటరి మనిషి, సొంత ఇల్లు లేదు. ఇళ్ల స్థలం కోసం అర్జీ రాసుకుని తెస్తాను. ఎమ్మార్వో భూమి చూపించే రోజు వచ్చినప్పుడు నా పేరు మరిడమ్మత్త పేరుకి, మిగతా వాళ్లందరి పేర్లకీ కిందే రాయి. ఎన్నో నంబరు అవుతుందో నాకు చెప్పక్కర్లేదు. నువ్వు చదివి, సరిగా ఉందనిపిస్తేనే సంతకం పెట్టు.

ఇట్లు,
అర్జీదారు
కుమారి